రెండు గంటల లిస్టు

ఆఫీసులో ఆమెను అందరూ టైలరమ్మ అంటారు. వెక్కిరింపేమీ కాదు, ఆమె కూడా ఆ పిలుపుకే పలుకుతుంది. పన్నెండేళ్లు కుట్టుమిషన్ తొక్కి, బడిపిల్లలకి యూనిఫారాలూ ఇళ్లకి కర్టెన్లూ కుట్టి, ముప్ఫై ఎనిమిదో ఏట కంప్యూటర్ క్లాసులో చేరి కోడ్ రాయడం నేర్చుకున్న మనిషి. మెడలో టేపు లేదన్న మాటే గానీ, పనిచేసే తీరంతా టైలరుదే. ఏ ఫైలు ఏ ఫైలుని పిలుస్తోందో కాగితం ముక్కల మీద రాసి, అట్టమీద పరిచి, దారంతో గుండుసూదులు కలిపితే గానీ ఆమెకి బుర్రకెక్కదు. పక్క సీట్లవాళ్లు నవ్వుకుంటారు. వాళ్ల నవ్వు వాళ్లది.

ఈ వయసులో ఈ ఉద్యోగానికి ఎందుకొచ్చిందంటే, అక్క కోసం. తల్లి పోయాక ఆమెను పెంచింది అక్కే. ఆ అక్కకి నాలుగేళ్ల కిందట కిడ్నీలు మొరాయించాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. సెంటర్లో అక్క పక్కన కూర్చుని, ఎవరు ఏ మిషన్ దగ్గరికి వెళ్లాలో గోడమీది స్క్రీన్‌లో వచ్చే లిస్టు చూసీ చూసీ, దీన్ని ఎవరు తయారుచేస్తారని ఓ రోజు అడిగింది. ఆ చిన్న కంపెనీ అడ్రసు పట్టుకుని ఉద్యోగం అడగడానికి వెళ్లింది. ఇచ్చారు. అప్పటినుంచి అక్క కుర్చీ తనే వేస్తున్నంత సంబరం. అక్క కార్డు నంబరు నూట పదిహేడు. కిటికీ పక్క కుర్చీ కోసం నర్సులతో పోట్లాడే నూట పదిహేడు.

ఈమధ్య అక్కకి కొంచెం చాదస్తం కూడా పట్టుకుంది. వారం నుంచి నెయిల్ కట్టర్ వేరు, కత్తెర వేరు, తువ్వాలు వేరు. "నీవి నువ్వు వాడుకో, నావి ముట్టుకోకు" అని అలమారలో పై అరలో దాచేసుకుంది. పెద్దవాళ్లవుతున్న కొద్దీ ఇంతేలే అని టైలరమ్మ నవ్వి ఊరుకుంది.

పదిహేను రోజుల కిందట సెంటర్లో పెద్ద గండమే తప్పింది. కొందరి రక్తంలో లివర్‌ని తినేసే వైరస్ ఉంటుంది. అలాంటివాళ్లకి వేరే గదిలో వేరే మిషన్ పెడతారు. అందరి మిషన్ మీదా కూర్చోబెడితే ఇంకొకరికి అంటుకునే ప్రమాదం. ఆ రోజు ఒకాయన్ని పొరపాటున అందరి మధ్యా కూర్చోబెట్టబోతుంటే హెడ్ నర్సు ఆఖరి నిమిషంలో చూసి ఆపింది. ఇకమీదట లిస్టే ఈ సంగతి చూసుకోవాలని కబురు పెట్టింది. ఆ రూలు రాసే పని టైలరమ్మకి పడింది.

పేషెంట్ల వివరాలకి ఒక మోడల్ ఫైలు, మిషన్ల వివరాలకి ఇంకొకటి. ఒక ఫైలు తన దగ్గరున్నది ఎక్స్‌పోర్ట్ చేస్తే, అవసరమున్న ఫైలు ఇంపోర్ట్ చేసుకుంటుంది. మిషన్ ఇచ్చేముందు రిపోర్టు చూడాలి గనక, మిషన్ ఫైలు మొదట్లోనే పేషెంట్ ఫైలుని ఇంపోర్ట్ చేస్తూ ఒక లైను చేర్చింది. తన కంప్యూటర్లో పరీక్షిస్తే బ్రహ్మాండంగా పనిచేసింది. పొద్దున పదకొండింటికి సర్వర్‌లో పెట్టారు.

కాసేపటికి, మధ్యాహ్నం రెండు గంటల బ్యాచ్‌కి ముందుగా లిస్టు తీయబోతే రాలేదు. పేషెంట్ మోడల్లో వెతికే ఫంక్షనే లేదని ఎర్రటి అక్షరాలు. నిన్నటిదాకా ఉన్న ఫంక్షన్ ఇవాళ లేకపోవడమేమిటి? టైలరమ్మ తెల్లమొహం వేసింది.

పాత కోడ్ పెట్టేద్దాం అన్నాడు టీమ్ లీడ్. హెడ్ నర్సు ఫోన్లోనే ఒప్పుకోలేదు. ఈ వారం పది రోజుల్లో కొత్త రక్తపరీక్షలు వచ్చాయట. పాత లిస్టు అయితే అరవై మంది కేసు షీట్లూ ఒక్కొక్కటే తెరిచి చూడాలి. "ఒక్కటి నా కంట పడకపోతే ఎవరిది బాధ్యత?" అందావిడ. లీడ్ గడియారం చూశాడు. ఒంటిగంట దాకా చూసి, కాకపోతే పాతదే పెట్టి, దేవుడి మీద భారం వేద్దామన్నాడు.

ఆ అరవై మందిలో అక్క ఉంది. టైలరమ్మకి అదొక్కటే తల్లో గిర్రున తిరుగుతోంది. తన చేతకానితనం వల్ల, ఎవరి రక్తం పారిన మిషన్ మీదో అక్క కూర్చుంటే? ఒంట్లో ఉన్న ఒక్క జబ్బు చాలదా?

పేరుని ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయలేదేమో, అందుకే అందడం లేదేమో అన్నారు పక్కసీటువాళ్లు. కంగారులో ఆమె కూడా అదే నమ్మింది. పేషెంట్ ఫైలు చివర బ్రాకెట్లు తగిలించింది. అంతే, ఆ ఫైలుని పాత పద్ధతిలో పిలుస్తున్న ఏడు ఫైళ్లూ ఒక్కసారిగా మూలపడ్డాయి. ఇప్పటిదాకా రానిది లిస్టు ఒక్కటే, ఇప్పుడు కేసు షీట్లూ తెరుచుకోవడం లేదని మళ్లీ ఫోను. టైలరమ్మకి ఏడుపొక్కటే తక్కువ. బ్రాకెట్లు తీసేసింది. పన్నెండుంబావు అయింది.

మంచినీళ్లు తాగి, కుట్టుపని నాటి బుద్ధి తెచ్చుకుంది. కొలతలు తీయకుండా కత్తెర పట్టుకుంటే బట్ట పాడుకాక ఏమవుతుంది? ముందు, మిషన్ ఫైలుకి అసలేం అందుతోందో స్క్రీన్ మీదికి రప్పించి చూసింది. ఖాళీ డబ్బా. లోపల ఏమీ లేదు. అప్పుడు కాగితం ముక్కలు తీసింది. పేషెంట్ నుంచి మిషన్‌కి దారం కట్టింది. మిషన్ నుంచి ఎక్కడికా అని చూస్తే, దారం తిరిగి పేషెంట్ దగ్గరికే వచ్చింది.

పేషెంట్ ఫైలు, మిషన్ ఫైలు వస్తే గానీ నేను పూర్తికాను అంటోంది. మిషన్ ఫైలు, ఈమె చేర్చిన లైను పుణ్యమా అని, పేషెంట్ రావాలంటోంది. నువ్వు ముందంటే నువ్వు ముందు. పేషెంట్ ఫైలునే ముందు తెరిచే సర్వర్‌కి ఈ పంతాలు పట్టవు. తయారుకాని డబ్బాని అలాగే మిషన్ ఫైలు చేతిలో పెట్టి తన దారిన పోతుంది. తన కంప్యూటర్లో ఆమె మిషన్ ఫైలునే ముందు తెరిచింది, అప్పుడు పేషెంట్ ఫైలు నిండుగానే అందింది గనక ఈ లొసుగు బయటపడలేదు.

మొదట్లో ఉన్న ఆ లైను తీసి, రిపోర్టు చూసే ఫంక్షన్ లోపల పెట్టింది. అది పనిచేసే వేళకి రెండు ఫైళ్లూ సిద్ధమై ఉంటాయి, అడిగితే నిండుదే అందుతుంది. ఒంటిగంటకి ఎనిమిది నిమిషాలుందనగా లిస్టు వచ్చింది. లీడ్, "బతికించారు టైలరమ్మగారూ" అన్నాడు.

ఆమె కళ్లు మాత్రం నూట పదిహేను, నూట పదహారు దాటుకుంటూ వెళ్లాయి. నూట పదిహేడు, వేరే గది.

రూలు తప్పు రాశాననుకుంది. ఆ క్షణంలో అది తప్పే కావాలని కోరుకుంది. రిపోర్టు తెరిచింది. తప్పు లేదు. వైరస్ ఉంది. పేషెంటుకి చెప్పామని కింద నర్సు సంతకం, ఎనిమిది రోజుల కిందటి తేదీ. నెయిల్ కట్టర్, కత్తెర, తువ్వాలు, అలమారలో పై అర. ఎవరి జబ్బో అక్కకి అంటుకుంటుందని పొద్దుటినుంచీ వణికింది. ఇంట్లో అక్క ఎనిమిది రోజులుగా ఎందుకు వణుకుతోందో ఆమెకి తట్టనే లేదు.

రెండుంబావుకి ఫోన్ చేసింది. కుర్చీ దొరికిందా అని అడిగింది.

"దొరికింది. ఎప్పటిదే, కిటికీ పక్కది. బయట ఎండ మండిపోతోందే."

అక్క ఎప్పుడు చెబుతుందా అని ఎదురుచూడాలనిపించింది. తను అడిగే దాకా అక్క చెప్పదనీ తెలుసు.

"ఆ గదిలో కిటికీ లేదక్కా."

"నీకెవరు చెప్పారు?"

"ఆ రూలు రాసింది నేనే."

అక్క గొంతు తగ్గించింది. "నీకు అంటించానేమోనే. రోజూ నిన్ను టెస్టుకి తీసుకెళ్దామనుకుంటాను, నోరు పెగలదు."

"రేపు పొద్దున్నే చేయించుకుంటాలే. ఇప్పుడు నేనొస్తున్నా. నీ గది తలుపు దగ్గరే కూర్చుంటాను."

"ఆఫీసో?"

"లిస్టు వచ్చేసిందక్కా" అని, అట్టమీది సూదులు కూడా తీయకుండా సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది.