సుధక్క నేర్పిన ‘కాదు’

మా అక్క సుధాలక్ష్మి పోయి రెండేళ్ళయింది. ఆమె కూతురు సంగవి ఇప్పుడు నా దగ్గర ఉంటోంది. ఉదయం ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ మూర్ఛ మందు పోస్తుంటే అది చెంచాను పళ్ళతో పట్టుకుని వదలదు. ఎనిమిదేళ్ళపాటు అక్క ఈ పని ఒక్కతే ఎట్లా చేసిందో నాకిప్పుడు తెలుస్తోంది.

అక్క ఉండింది తమిళనాడులో, కడంబూరు పక్క నల్లరేగడి పల్లెలో. బావ చెల్లసామి మొక్కజొన్న, మినుము వేస్తాడు. సంగవికి తొమ్మిదో నెల జ్వరంలో మొదలైన మూర్ఛలు మళ్ళీ ఆగలేదు. నాలుగో ఏట నడిచింది. మాట రాలేదు. పిసికిన అన్నం మింగించడానికి పూటకు గంటన్నర. చొంగ తుడవడానికి బావ పాత పంచెలు చించిన గుడ్డలు, రోజుకు ఎనిమిది. నెలకోసారి రైలెక్కి విరుదునగర్ ఆస్పత్రికి పోయి, వరసలో నిలబడి మందు తెచ్చుకోవాలి. అక్క ఎప్పుడూ పిల్ల రొమ్ము మీద చెయ్యి వేసే పడుకునేది. చేతికింద ఏదైనా అదిరితే లేవాలి. అందుకని ఆమె నిద్ర సగం నిద్రే.

విరుదునగర్ డాక్టరు ఒకసారి చెప్పాడు, చెయ్యకూడదు అన్నదానికి ఎప్పుడూ ఒకే మాట వాడమని, మాట మారితే పిల్లకు పట్టుబడదని. ‘వద్దు’ అన్నం దగ్గర అందరూ అనే మాట. అందుకని అక్క ‘కాదు’ ఎంచుకుంది. పొయ్యి దగ్గరికి పోతే కాదు. చెయ్యి కొరుక్కుంటే కాదు. బావి గట్టు ఎక్కబోతే కాదు. రెండేళ్ళు పట్టింది. చివరికి ఆ మాట వినపడగానే సంగవి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చోవడం నేర్చుకుంది.

సంగవికి ఆరేళ్ళప్పుడు కోవిల్‌పట్టిలో ఇలాంటి పిల్లలకు పగటి బడి ఒకటి తెరిచారు. వ్యాను తొమ్మిదింటికి తీసుకుపోయి మూడింటికి దింపుతుంది. చిన్న చిన్న మాటలు అర్థమైతేనే చేర్చుకుంటారు.

“అది సదివి కలెక్టరు అయ్యేదానికా?” అంది అక్క, పిల్లను చేర్చడానికి పోతూ బస్సులో. “నాకు ఒక మజ్జానం తూంగితే సాలు, బృందా. రాయి మాదిరి తూంగల్ల.”

మా ఇళ్ళలో తూంగడమంటే నిద్రపోవడమే. తెలుగు ఎక్కడ ఆగి తమిళం ఎక్కడ మొదలవుతుందో మేమెప్పుడూ చూసుకోలేదు.

బడిలో జెయంతి అనే టీచరు సంగవిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తమిళంలో అడిగింది. “కణ్ణు ఎంగే?” కన్ను ఎక్కడ అని. సంగవి కన్ను ముట్టుకుంది. “మూక్కు ఎంగే?” ముక్కు ముట్టుకుంది. అక్క నా మోకాలు పట్టుకుంది.

“కాదు ఎంగే?”

తమిళంలో కాదు అంటే చెవి. సంగవి చేతులు రెండూ ఒళ్ళోకి తీసుకుంది. జెయంతి తన చెవి చూపిస్తూ, “కాదు, కాదు” అంది గట్టిగా. పిల్ల ఇంకా బిగుసుకుపోయింది. కింది పెదవి వణికింది. జెయంతి కాగితం మీద ఏదో రాసింది.

నాకు వెలగలేదు. అక్కకు వెలిగింది, నవ్వింది. ఇల్లంతా ఊడ్చి ముగించాక మేక లోపలికొస్తే నవ్వే నవ్వు అది.

“దానికి బాగా అర్థమయింది మేడం,” అంది తమిళంలో. “మా మాటలో కాదు అంటే చెయ్యకూడదని. రెండేళ్ళు కూర్చోని నేర్పించినా.”

“ఇక్కడంతా తమిళమేనమ్మా. ఇంట్లో కూడా తమిళమే మాట్లాడండి. ఆ మాట మరిపించండి.”

అక్క పిల్ల చొంగ తుడిచి, గుడ్డ మడత పెట్టింది. “మరిపిస్తే బావి దగ్గర ఏమని ఆపేది? ఇంకో రెండేళ్ళు నేర్పే బలం నాకు లేదు మేడం. మీరే ఒక మాట మార్చుకోండి.”

జెయంతి ముఖం ముడుచుకుంది. “మీ ఇంట్లో దీన్నేమంటారు?” అని తన చెవి పట్టుకుంది.

“సెవి.”

“సెవియా! అది పుస్తకాల తమిళం కదమ్మా. కలుపు తీస్తూ పద్యాలు చెప్పుకుంటారా మీరు?”

“పద్యాలు చెప్పేదానికి ఊపిరెక్కడ మేడం,” అంది అక్క.

“సెవి ఎంగే?” అని జెయంతి పిల్లనడిగింది. కానీ సంగవి అప్పటికే అలిసిపోయి తల్లి భుజం మీద వాలిపోయింది. మళ్ళీ రమ్మన్నారు. రెండోసారి బస్సులోనే మూర్ఛ వచ్చి వెనక్కి తిరిగాం. మూడోసారి జెయంతి అడగగానే సంగవి చెయ్యి చాచి ఆమె చెవిలోనే వేలు పెట్టింది.

“ఎవరి చెవి అని నేను అడగలేదుగా,” అంటూ జెయంతి పేరు రాసుకుంది.

వ్యాను వచ్చిన మొదటి రోజు సాయంత్రం ఫోన్ చేశాను. అవతల ఎదురింటి వెళ్ళైయమ్మాళ్ పెద్దమ్మ అరుపులు. మూడింటికి డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, విసుగొచ్చి పిల్లను ఆమె చేతికిచ్చి పోయాడట. ఆమె తలుపు బాదీ బాదీ లేపిందట.

“నువ్వు కన్నతల్లివేనామ్మే? ఆ వ్యాను వండి సద్దుకు ఊరంతా లేసింది, నువ్వు లెయ్యలే!”

“లెయ్యలే పెద్దమ్మా,” అంటోంది అక్క. “నాకు హారనే యినపళ్ళే.”

తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఆవలించింది, పొడుగ్గా.