బామ్మర్దిని మోసిన కెంబా

మా న్యూగినీ కొండల్లో కెంబా అంతటి మొండివాడు ఇంకొకడు లేడు. పొట్టి మనిషి, మెడ ఎక్కడుందో వాళ్లమ్మకి కూడా తెలీదు, పిడికిలి మాత్రం పంది తలకాయంత.

సముద్రం ఒడ్డు నుంచి మబ్బుల శిఖరం దాకా ఒక్కో వంశం తన వేట నేలలో ఓ ముక్క వదిలేస్తే, అన్నీ కలిసి ఒకే అడవి అయింది. హద్దుల్లో ఎర్రాకుల టాంగెట్ మొక్కలు నాటాం. వాటి లోపల ఎవరూ వేటాడకూడదు. ఆ అడవికి నడుము లాంటి సన్నటి ముక్క కెంబా పెళ్లాం పుట్టింటి వాళ్లది. అది తెగిందా, పై జంతువులు పైనే, కింది జంతువులు కిందే. దానికి కెంబాని కాపలా పెట్టారు. అల్లుడైతే గొడవ రాదట! మా పెద్దల తెలివి అలా ఉంటుంది.

ఒక పొద్దున పెద్ద బామ్మర్ది యాగుమ్ ఇద్దరు తమ్ముళ్లతో, కుక్కలతో వచ్చి మొక్కలన్నీ పీకి పారేశాడు. కెంబా పరుగెత్తి వెళ్లేసరికి కుక్కలు చెట్లెక్కే ఓ తల్లి కంగారూని రెండుగా చీలుస్తున్నాయి.

"ఏం బావా, తోక నువ్వు తింటావా, మా అక్కకి పంపనా?" అన్నాడు యాగుమ్.

"కుక్కల్ని పిలువు."

"ఇది మా తాతల నేల. ఇవాళ్టి నుంచి మా ముక్క మాదే. నువ్వు పోయి చిలగడదుంపలు తవ్వుకో!"

కెంబా గుద్దిన గుద్దుకి యాగుమ్ పన్ను ఎగిరి పక్క లోయలో పడింది. తమ్ముళ్లు కర్రలతో కెంబా పక్కటెముకలు విరగ్గొట్టారు. కెంబా ఓ కుక్క కాళ్లు పట్టుకుని గిర్రున తిప్పి చిన్నోడి మొహాన కొట్టాడు. నేను చూళ్లేదు గానీ, చూసినవాళ్ల కంటే బాగానే చెబుతున్నాను.

ఆ రొదకి పొదలోంచి మగ కాసోవరీ లేచింది. పిల్లల్ని వెంటేసుకున్న పక్షి. మనిషంత ఎత్తు, కాలికి బాకులాంటి గోరు. అది సూటిగా యాగుమ్ వీపు మీదికే వస్తోంది.

"బామ్మర్దీ, వెనక!" అని అరిచాడు కెంబా.

తమ్ముళ్లిద్దరూ చెరో పక్కకి దూకారు. పిలిచింది వాళ్లనేలే అనుకుని యాగుమ్ కదల్లేదు. ఇక తప్పక కెంబా, "యాగుమ్! దూకు!" అన్నాడు.

మాలో పెళ్లాం అన్నదమ్ముల పేరు పలకడమంటే నలుగురిలో వాళ్ల గోచీ లాగెయ్యడమే. ఆ మాట వినగానే యాగుమ్‌కి పక్షి గొడవే పట్టలేదు. "నా పేరు పలుకుతావురా!" అని గొడ్డలెత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు, పక్షి గోరు తొడని మోకాలి దాకా చీల్చేసింది.

తమ్ముళ్లు పారిపోయారు. కెంబా తొడకి గుడ్డ బిగించి, బామ్మర్దిని వీపునేసుకుని ఆసుపత్రికి దిగాడు. దారి పొడుగునా వాడు కెంబా నెత్తి మీద మొట్టుతూనే ఉన్నాడు.

"పేరెందుకు పలికావురా?"

"బతుకుతావని. ఆ ముక్క అడవికి వదిలెయ్."

"చచ్చినా వదల్ను!"

ఏరు దాటేటప్పుడు నీళ్లు రొమ్ముదాకా ఉన్నాయి. నడి ఏట్లో కెంబా ఆగిపోయాడు.

"దించేస్తా."

"దించు చూద్దాం!"

దించాడు. జుట్టు పట్టుకుని మూడుసార్లు ముంచాడు. నాలుగోసారి ముంచబోతుంటే యాగుమ్ కెంబా చెవి పటుక్కున కొరికి తెంపేశాడు. కెంబా గావుకేక పెట్టాడే గానీ జుట్టు వదల్లేదు.

"వదులుతావా, లేదా?"

"వదిలాను! అడవికే వదిలాను! ఒడ్డెక్కించరా బావా!"

ఆ మాట అన్నప్పుడు వాడి నోటినిండా కెంబా నెత్తురుంది. నెత్తురు నోట్లో ఉండగా ఇచ్చిన మాట తప్పే మగాడు మా కొండల్లో లేడు. ఆ సంగతి వాడికి ఒడ్డెక్కాక గుర్తొచ్చి తల బాదుకున్నాడు. ఆ ముక్క అడవిలోనే ఉండిపోయింది. చెవి మాత్రం ఊసేశాననే అంటాడు. మింగేశాడని నేనంటాను.