గుళ్ళోకి పోయిన జావెలిన్

సన్మానం అనే మాట వింటే చాలు, నాకు ఒళ్ళు మండిపోద్ది. శాలువా పట్టుకుని ఎవరన్నా లేచారంటే ముందు నా జావెలిన్ ఎక్కడుందో చూసుకుంటా. నవ్వితే నవ్వుకోండి. నా మంట నాది.

మాది పిడుగురాళ్ల దగ్గర పల్లె. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ సున్నం బట్టీలో కూలి. మా గూడెంలో అందరం చర్చికి పోయేవాళ్ళమే. ఊళ్ళో వీరుల గుడి ఉంది. దాని గడప మావాళ్ళని ఎప్పుడూ తొక్కనియ్యలా. ఆ గుళ్ళో పాతకాలపు కత్తులు, ఈటెలు ఉంటాయి. తిరునాళ్ళకి వాటిని కడిగి, పసుపు పూసి, తుప్పు పట్టకుండా నూనె పట్టించి ఊరేగిస్తారు. మేం రోడ్డు మీద నిలబడి చూసేవాళ్ళం.

హైస్కూల్లో పీఈటీ సారు నా చేతికి జావెలిన్ ఇచ్చేదాకా నేను విసిరినవి రాళ్ళే, అవీ మిరప చేలో పడ్డ గొర్రెల మీదకి. ఆ సారే ఎక్కడెక్కడో అడిగి నాకొక మంచి జావెలిన్ సంపాదించి పెట్టాడు. మధ్యలో తాడు చుట్టి ఉంటుంది చూడండి, దాని ప్రాణమంతా అక్కడే. వేళ్ళకి ఆ తాడు పట్టు దొరికితేనే అది పోద్ది. దాంతోనే రాష్ట్రంలో ఫస్టొచ్చా. ఆ వారంలోనే జాతీయ పోటీలకి సెలక్షన్స్. నెగ్గితే హాస్టలు, కోచింగు. నెగ్గకపోతే అమ్మ పక్కన బట్టీలో నుంచోవాల్సిందే.

మెడల్‌తో ఊళ్ళో దిగేసరికి తిరునాళ్ళు జరుగుతున్నాయి. డప్పులే డప్పులు. గుడి పెద్దాయన నా మెళ్ళో దండేసి, "అమ్మాయ్, పల్నాటి పౌరుషం నిలబెట్టావే! ఏదీ, ఆ ఈటె ఇటియ్యి" అని చేతిలోంచి తీసుకున్నాడు. ఫొటోకేమో అనుకున్నా. నేరుగా గుళ్ళోకి పట్టుకుపోయాడు. వెనకే పోయిన నేను గడప దగ్గర ఆగిపోయా. పుట్టినకాడ్నించీ అలవాటు కదా, కాళ్ళు వాటంతటవే ఆగినయ్. జావెలిన్ మాత్రం లోపలికి పోయింది.

"తిరునాళ్ళు అయ్యేదాకా ఇక ఆయుధాన్ని కదిలించగూడదు" అన్నాడు బయటికొచ్చి.

"అయ్యా, నాకు సెలక్షన్స్ ఉన్నయ్" అన్నా.

"వీరుల చలవుంటే అన్నీ అవే వస్తయ్ లేవే" అన్నాడు. చుట్టూ చప్పట్లు.

సంగతి తెలిసి అమ్మ బట్టీ నుంచి అట్నే వచ్చింది, జుట్టంతా సున్నపు దుమ్ముతో. గడప ఇవతల నిలబడి అందుకుంది. "నా బిడ్డ కాలు పెడితే మైల! నా బిడ్డ చెమటంటిన కర్ర మాత్రం పనికొచ్చిందా మీకు? ఇస్తారా, పోలీసుల్ని పిలవమంటారా?"

"ఏమే, నోరు లెగుస్తుందే!" అన్నారెవరో.

"లెగుస్తది! రోజంతా లెగుస్తది!" అంది. అక్కణ్ణించి అంగుళం కదల్లా. పొద్దుగూకే వేళకి వాళ్ళకే విసుగుపుట్టి, జావెలిన్ తెచ్చి బయట పడేశారు.

చూస్తే ఏముంది! కత్తులకి పట్టించినట్టే దీనిక్కూడా నూనె పట్టించారు మహానుభావులు. తాడంతా నూనె పీల్చి జిడ్డోడతా ఉంది. సబ్బుతో రుద్దా, ఎండబెట్టా, సుద్దపొడి రాశా. కొత్త తాడు చుట్టించే టైమేదీ? సెలక్షన్స్‌లో దాంతో విసిరిన ప్రతిసారీ వేళ్ళ మధ్య సర్రున జారింది. మొన ముందు నేలకి తగలకపోతే ఆ విసురు లెక్కలోకి రాదు. నాది తోకే ముందు తగిలింది. అక్కడున్న వేరే జావెలిన్ తీసుకుని విసిరా గానీ, అప్పటికే చెయ్యి బెదిరిపోయింది. నా పేరు పిలవలా. పిడుగురాళ్ల దాకా బస్సులో ఏడుస్తానే ఉన్నా.

ఊళ్ళో ఏమన్నారో తెలుసా? "గుళ్ళోంచి ఆయుధం లాక్కుపోతే ఊరికే పోద్దా?" అన్నారు. నూనె పోసింది వాళ్ళు, పాపం మాది! ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కూడా పళ్ళు పటపటమంటయ్.

ఆ ఏడాది అమ్మతోపాటు బట్టీలో పనిచేశా. తెల్లారకముందే సారొచ్చి క్వారీ పక్క బీడు నేలలో విసిరించేవాడు. కోపమంతా భుజంలోకి తెచ్చుకుని విసిరేదాన్ని. మరుసటేడు సెలక్షన్స్ నెగ్గా. ఆ తర్వాత జాతీయ ఛాంపియన్‌నయ్యా.

మళ్ళీ అవే డప్పులు. ఈసారి మా గూడెంలోకే వచ్చినయ్. అదే పెద్దాయన, చేతిలో శాలువా. "తల్లీ, అంతా వీరుల దయ! ఆ ఈటె ఒక్కసారి గుళ్ళో పెడితే ఊరందరికీ మంచిది. నూనె రాయంలే" అన్నాడు.

ఎంత ధైర్యం! జావెలిన్ తీసి అమ్మ చేతికిచ్చా. "పెడదాం అయ్యా, దాందేముంది. కానీ అదొక్కటే రాదు. మా అమ్మ పట్టుకొచ్చి తన చేత్తోనే లోపల పెట్టుద్ది. పదండి" అన్నా.

డప్పులు ఆగినయ్. పెద్దాయన అమ్మ కాళ్ళ వంక చూశాడు. సున్నం తిని పగిలిన కాళ్ళు. "అది... తర్వాత చూద్దాంలేమ్మా" అన్నాడు. నాకు శాలువా కప్పి, ఫొటో దిగి, వచ్చిన దారినే పోయారు.

అమ్మ నా భుజం మీంచి ఆ శాలువా తీసి, నాలుగు మడతలేసి గుమ్మం ముందు పరిచింది. ఇప్పటికీ మా ఇంటికొచ్చినోళ్ళు దాని మీదే కాళ్ళు తుడుచుకుని లోపలికొస్తారు.