పళ్లెంలో నల్లగుడ్డ మూట

మొన్న సాయంత్రం మా మనవరాలు మేడ మీద ఇనుప చట్రంలో బొగ్గులు రాజేసి, సాసేజీలకు పొగబెట్టిన పందిమాంసపు పలచటి చీలికలు చుట్టి, పుల్లలు గుచ్చి కాలుస్తుంటే, కొవ్వు బొగ్గుల మీద పడి చుర్రుమని పొగ లేచేసరికి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. ముసలిదానికి వాసన పడలేదని పిల్లలు ఒకటే నవ్వు. పిచ్చి మొహాలు! వాళ్ల నాన్న పుట్టకముందే, దొరల కాలంలోనే, ఆ వాసన నేనెరుగుదునని వాళ్లకేం తెలుసు.

మాది కొనకనమిట్ల పక్క సేద్యపు ఇల్లు. వానలు మొహం చాటేసి జొన్నలు కూడా ఇంటికి రాని కాలంలో మా ఆయన గిద్దలూరు అవతల అడవి అంచున ఉన్న ఫారెస్టు దొర బంగళాలో వంటకు కుదిరాడు. వెనక గదిలో మా కాపురం, మాతో మా అత్త. పందిమాంసానికి ఉప్పూ బెల్లమూ పట్టించి నానబెట్టడం, తుమ్మబొగ్గుల మీద పచ్చి చెక్కలు వేసి రోజంతా పొగ పట్టించడం, కడిగిన పేగుల్లో మిరియాలు కలిపిన కైమా కూరి ముడులు వేయడం పాత వంటమనిషి దగ్గర నేర్చుకున్నాడు. దొరకు సాయంత్రం సారాబుడ్డి పక్కన ఆ ముక్కలు ఉండాల్సిందే. మా అత్త మాత్రం, మహా పట్టుదల మనిషి, ఆ పని చేసిన రోజు కొడుకు తలస్నానం చేస్తే తప్ప నీళ్లకుండ తాకనిచ్చేది కాదు.

ఆ వేసవిలో అడవిలో పశువుల మేత గురించి పల్లెలవాళ్లకూ దొరకూ పెద్ద తగాదా నడుస్తోంది. ఎవరో బంగళా గడ్డివామికి నిప్పుపెట్టారు. అప్పట్నుంచి దొర ఎవర్నీ నమ్మడం మానేశాడు, మంచినీళ్లిచ్చినా అనుమానంగా చూసేవాడు. ఒక సాయంత్రం గాలి బొత్తిగా ఆగిపోయింది, పొగ పైకి పోక దొడ్డినిండా పరుచుకుంది, దొర కుక్క ఊరికే ఏడ్చింది.

మా వైపు పొద్దుగూకే వేళ మాంసం పట్టుకుని బయటికి పోతే గాలి సోకుతుందని, వెంట బొగ్గుముక్కో ఇనుమో పెట్టకుండా ఎవరూ కదలరు, మీలో ఎందరికో ఇది తెలిసిందే. వంటిల్లు దాటి, చింతచెట్టు కింద నుంచి మా ఆయన దొర మాంసపు పళ్లెం బంగళాకు మోసుకుపోవాలి. ఆ మాంసమంటే అసహ్యించుకునే అత్తే, ఆయన చేతులు కడుక్కోను పోయినప్పుడు, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ, ఒక మేకు నల్లగుడ్డలో మూటగట్టి, పళ్లెంలో పరిచిన ఆకు కింద దూర్చింది. ఏ తల్లయినా చేసే పనే కదా.

సగం తిన్న దొర కడుపు పట్టుకుని వాంతులు చేసుకున్నాడు. పళ్లెం తోసేస్తే ఆకు కింద మూట బయటపడింది. ఇంకేముంది, వంటవాడు విషం పెట్టాడన్నారు. మా ఆయనను గుర్రాల కొట్టంలో వేసి తాళం పెట్టారు. దొరకు విషం పెట్టినవాడికి ఏమవుతుందో అందరికీ తెలుసు.

పొద్దున గిద్దలూరు నుంచి పోలీసులు వచ్చి ఆయనను చేతులు కట్టి వరండాలోకి తెచ్చారు. మిగిలిన ముక్కల పళ్లెం అక్కడే ఉంది. మా అత్త ఎన్నడూ ఎక్కని ఆ వరండా మెట్లెక్కింది. "ఆ మూట కట్టింది నేనయ్యా. నా బిడ్డకు గాలి సోకగూడదని పెట్టినా. అందులో విషముంటే ముందు నేనే సావాల," అని, కొవ్వు పేరుకుపోయిన ఆ చల్లటి ముక్కలు ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుంది. ఓకరింపు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మింగింది. చివరికి ఆ బొగ్గూ మిరపకాయా కూడా నమిలింది. తర్వాత స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అందరం ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాం. ఆమె కునుకు పట్టి తల వాల్చినప్పుడల్లా ఊపిరాడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

మధ్యాహ్నం మార్కాపురం నుంచి వచ్చిన డాక్టరు, దొరది తాగుడు ముదిరి వచ్చిన కడుపునొప్పి అని తేల్చాడు. మా ఆయన కట్లు విప్పి, ఉద్యోగం పీకి పంపించారు. ఊరు చేరిన అత్త తలమీద బిందెలకొద్దీ నీళ్లు గుమ్మరించుకుంది. అయినా ఇక మా పొయ్యి దగ్గరికి రాలేదు. తన కంచం, చెంబు పంచలో విడిగా పెట్టుకుంది. కొడుకు కాళ్లమీద పడి ఏడ్చినా, "నోరు మైలపడిందిరా నాయనా, కడిగితే పోయేది కాదు," అన్నది. పోయేదాకా పంచలోనే తిన్నది.

ఇప్పుడు మైలా లేదు, దొరా లేడు, పిల్లలు నవ్వుకుంటూ తింటున్నారు, మంచిదే, నాకూ సంతోషమే. అయినా పొద్దుగూకుతుంటే ఉండబట్టలేక చల్లారిన బొగ్గుముక్క ఒకటి తీసి మనవరాలి పళ్లెం అంచున పెట్టాను. "అవ్వా, బొగ్గు పడింది చూడు," అని అది వేలితో తీసి అవతల పారేసి, పళ్లెం పట్టుకుని చీకట్లోకి మెట్లు దిగిపోయింది.