గురి తప్పని ఓబులమ్మ చేయి

నా తోడికోడలు ఓబులమ్మ గత సోమవారం తెల్లవారుజామున నిద్రలోనే పరమపదించింది. కబురు విని కొయ్యబారిపోయాను. నాకంటే చిన్నది ముందు పోవడమేమిటి? అంత అనాయాస మరణం కూడా ఆమెకే దక్కిందని మరుక్షణం అసూయ పుట్టింది. ఉన్నమాట రాస్తున్నాను.

ఆళ్లగడ్డలో మావి ఎదురెదురు ఇళ్లు. మనవళ్లు పుట్టాక ఇద్దరం ఒకే పలక మీద అక్షరాలు దిద్దాం. ఆమె పేపరు చదివేనాటికి నేను గుణింతాల్లోనే ఉన్నాను. నీటికాసుల జబ్బు మాత్రం ఇద్దరికీ సమానంగా వచ్చింది. నొప్పి తెలియనివ్వకుండా చూపును అంచుల నుంచి హరించే వ్యాధి అది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోండని నంద్యాల డాక్టరు చుక్కల మందు రాశారు. నా చేయి వణుకుతుంది. రోజూ దీపాలవేళ ఓబులమ్మే వీధి దాటి వచ్చి నా కళ్లలో చుక్కలు వేసేది.

కరోనా వచ్చి బస్సులు ఆగాయి. వీధి దాటడమే భయమైంది, ఆ రోజుల్లో నా చుక్కలు కోడలు వేసేది. మందు కూరగాయల వ్యానులో వచ్చేది. బయటి వస్తువు ఏదైనా మిద్దె మీద ఎండబెట్టి లోపలికి తెచ్చుకునే కాలం. నేను సీసా కడిగి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను. శుచీ శుభ్రతల్లో ఓబులమ్మ నాకంటే రెండాకులు ఎక్కువ. వంకాయలతో పాటు ప్రతి సీసానూ మండుటెండలో పెట్టింది.

బస్సులు తిరిగాక నంద్యాల పోతే, ఆమె ఎడమ కన్ను దాదాపు పోయిందన్నారు. మందు ఎక్కడ పెట్టావని డాక్టరు అడిగారు.

"మిద్దె మీద సార్, కరోనా చావాలని."

"దాంతోపాటు మందు కూడా చచ్చిందమ్మా."

నేను బెదిరిపోయాను. ఎండకే చచ్చే మందు నా కళ్లనేం కాపాడుతుంది? పైగా ఆసుపత్రిలో ఎవరు దగ్గినా గుండె ఆగేది. చుక్కలు మానేశాను. నంద్యాల రానన్నాను. తర్వాతి పరీక్ష రోజు ఆమె సంచీ పట్టుకుని మా వాకిట్లో నిలబడింది.

"లెయ్యక్కా, బస్సు పోతాంది."

"కన్ను పోగొట్టుకున్నావు, ఇంగా ఏం నమ్మకమే నీకు?"

"తప్పు నాది. మందు మీద అలిగితే ఉన్న కన్నూ పోతాది. నీ రెండు కండ్లు చూస్తాంటే నాకు కడుపు మండతాంది. అవీ పోతే నేనింక ఎవురిని చూసి కుళ్లుకోవాల? లెయ్!"

లేచాను. మానిన ఆ కొన్నాళ్లకే నా చూపు కొంత తగ్గిందని ఆనాడు తేలింది. మళ్లీ మానాలన్నా ఆమె మాననివ్వలేదు. ఒంటి కంటితో వేసినా ఆమె చుక్క గురి తప్పలేదు.

ఆసుపత్రి వరుసలో కొత్తవాళ్లు కనబడితే చాలు, "నన్ను చూడండి. మందును వడియాల మాదిరి ఎండబెట్టినా. మీరు ఎండబెట్టాకండి" అని నవ్వేది. గడివేముల నుంచి వచ్చే ఆడవాళ్లు డాక్టరు గదికంటే ముందు ఆమెను వెతుక్కునేవారు. మందును ఫ్రిజ్‌లో పెట్టిన నన్ను ఒక్కరూ అడగలేదు. అంత్యక్రియలకు వాళ్లంతా వచ్చారు. నా చావుకు ఇంతమంది రారు, నాకు తెలుసు.

నిన్న చుక్కలు నేనే వేసుకున్నాను. ఒకటి ముక్కు మీద పడింది, ఒకటి చెవిలోకి జారింది. కోడలు వేస్తానంటోంది. వేయనీ, ఓబులమ్మ చేయి కాదు కదా. ఆ చేతికి నా నమస్కారం. వచ్చే నెల నంద్యాల బస్సు ఒంటరిగా ఎక్కుతాను. కన్ను పోయినా ఆమెలో చెదరని ఆ నమ్మకం, రెండు కళ్లున్న నాకు ఇంతవరకూ అబ్బలేదు. ఆ కుళ్లుతోనే ఎక్కుతాను.