పిన్ని అడిగిన బడి

ఆఫీసులో మధ్యాహ్నం టీ తాగే చోట, నాతో పనిచేసే ఒకామె బల్ల మీద పాఠ్యపుస్తకాలు పరుచుకుని అట్టలు వేస్తోంది. జూన్ నెల, బడులు తెరిచే వారం. ఇంటికి వెళ్లాక తీరిక దొరకదని ఇక్కడికే పట్టుకొచ్చింది. ఖాకీ కాగితం మడత పెడుతుంటే వచ్చే ఆ పొడి చప్పుడూ, కొత్త అచ్చు వాసనా తగిలేసరికి నా చేతిలో కప్పు చేతిలోనే ఉండిపోయింది. కిటికీ అవతల రాయదుర్గం అద్దాల భవనాలు ఉన్నాయి. నాకు మాత్రం కూకట్‌పల్లిలో ఒక రెండు గదుల వాటా, అందులో నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని కత్తెర కోసం తడుముకుంటున్న మా సత్యవతి పిన్ని కనిపించారు.

పిన్ని అంటున్నాను గాని ఆవిడకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. నేను బోరబండలో పుట్టాను. నాన్న ఎటు వెళ్లాడో తెలియదు. నాలుగిళ్లలో పనిచేసి నన్ను సాకిన అమ్మ ఒక వానాకాలం జ్వరంతో దవాఖానలో పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు మేనమామ ఇంట్లో, కొన్నాళ్లు పిల్లల హోంలో ఉన్నాను. ఆ పైన ఫోస్టర్ కేర్ అన్నారు. అది దత్తత కాదు. ఎవరూ లేని పిల్లలను కొంతకాలం ఒక కుటుంబం తమ ఇంట్లో ఉంచుకుని పెంచడం. అలా ఆరో తరగతిలో, పిల్లలు లేని సత్యవతి గారింటికి చేరాను. వాళ్లది తెనాలి వైపు. బాబాయి గారు ప్రభుత్వ ఉద్యోగి. నేను "చిన్నమ్మా" అని పిలవబోతే, "మా వైపు పిన్ని అంటారే, అలా పిలు. చెవికి హాయిగా ఉంటుంది" అన్నారు.

చోటు మారినప్పుడల్లా బడి మారేది. ఒకచోట తెలుగు మీడియం, ఇంకోచోట ఇంగ్లిషు. మొక్కలు ఆహారం తయారుచేసుకునే పాఠం మూడు బళ్లలో మూడుసార్లు విన్నాను. భిన్నాలు మాత్రం ఎక్కడా వినలేదు. ఒక బడిలో అక్కడిదాకా రాలేదు, తర్వాతి బడిలో అప్పటికే అయిపోయాయి. మందబుద్ధినని నేనే అనుకునేదాన్ని. లెక్కల పుస్తకం తెరిచి ఏడుస్తూ కూర్చున్న ఒక సాయంత్రం పిన్ని ఏమీ అడగకుండా నన్ను డాబా మీదికి తీసుకెళ్లారు. తీగ మీద ఆరిన దుప్పటి తీసి ఒక కొస నా చేతికిచ్చారు.

"దగ్గరికి రా. ఇప్పుడెంతయింది?"

"సగం."

"మళ్లీ రా. ఇప్పుడో?"

"సగంల సగం."

"అదేనే భిన్నమంటే. నీకు రాకపోవడం కాదు, ఎవరూ చెప్పలేదంతే."

ఆ వాక్యం విన్నప్పుడు నాలో ఏదో బరువు దిగిపోయింది. ఆ ఇంట్లో దుప్పట్లు మడతపెట్టే పని అప్పటి నుంచి నాదీ పిన్నిదీ. ఏడో తరగతి అయ్యేసరికి లెక్కల్లో నేను ముందు వరుసలోకి వచ్చాను. బెంచీలో నా పక్కన కూర్చునే పర్వీన్ నా జట్టు. ఆ బడిలో నన్ను 'కొత్త పిల్ల' అనడం మానేశారు.

ఎనిమిదో తరగతి మొదలైన కొద్ది రోజులకే బాబాయి గారికి పక్షవాతం వచ్చింది. పిన్ని ఆయన మంచం పక్కనుంచి కదలలేని పరిస్థితి. ఒక రోజు సంక్షేమ శాఖ నుంచి వచ్చిన మేడమ్, నార్సింగిలో మంచి కుటుంబం ఉందని, నన్ను అక్కడికి పంపుతామని మెల్లగా చెప్పారు. పిన్ని నా వైపు చూడలేదు. గ్లాసులో నీళ్లు పోస్తూ, అది నిండి పొర్లుతున్నా చూసుకోలేదు.

పిల్లలు ఎక్కడ ఉండాలో తేల్చే కమిటీ ముందుకు వెళ్లిన రోజు పిన్ని ఇస్త్రీ చీర కట్టుకున్నారు. నార్సింగి దంపతులు మల్లేశ్, అంజమ్మ కూడా వచ్చారు. ఆయన ఐటీ ఆఫీసులకు కారు నడిపేవాడు. నన్ను కూకట్‌పల్లి బడిలోనే చదివించాలని పిన్ని ముందే కోరారు. నార్సింగిలోనే బడులున్నాయి, అంత దూరం ఎందుకని కమిటీలోని పెద్దాయన అడిగారు. పిన్ని లేచి నిలబడ్డారు.

"అయ్యా, పిల్లని నా దగ్గరే ఉంచమని అడగటం లేదండి. నా ఇంటి సంగతి నాకు తెలుసు. ఇల్లు మారక తప్పదు. బడి ఎందుకండీ మారడం? దీనికి అమ్మ పోయింది, ఇల్లు పోయింది. వెళ్లిన ప్రతిచోటా మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇప్పుడిప్పుడే ఒకచోట దాని పేరు పెట్టి పిలుస్తున్నారు. పది అయ్యేదాకా ఆ ఒక్కటీ కదపకండి."

మల్లేశ్ కూడా లేచి నిలబడ్డాడు. "నేను పొద్దుగాల గచ్చిబౌలి దిక్కే పోత సార్. గాడ బస్సు ఎక్కిస్త. పొద్దుమీకి మళ్ల తోల్కొస్త. ఏం పరేషాన్ లేదు." పెద్దాయన తల ఊపారు. బయటికొచ్చాక పిన్ని మల్లేశ్‌కు రెండు చేతులూ జోడించి దండం పెట్టారు. ఆయన సిగ్గుపడిపోయాడు.

అలా ప్రతి ఉదయం గచ్చిబౌలిలో బస్సెక్కి, కొండాపూర్ మీదుగా, అప్పుడప్పుడే లేస్తున్న భవనాల మధ్య నుంచి కూకట్‌పల్లికి వెళ్లేదాన్ని. దిగేసరికి స్టాపులో పిన్ని ఉండేవారు. పక్కింటావిడను బాబాయి గారి దగ్గర కూర్చోబెట్టి, నాకోసం టిఫిన్ డబ్బాతో వచ్చేవారు. బడి గేటు దాకా కలిసి నడిచేవాళ్లం. రోజంతటిలో నేను ఎదురుచూసింది ఆ కాస్త నడక కోసమే. అంజమ్మ కట్టిచ్చిన డబ్బా మూత తియ్యకుండానే సాయంత్రం ఇంటికి చేరేది.

అంజమ్మ చాన్నాళ్లు ఏమీ అనలేదు. ఒక సాయంత్రం నిండు డబ్బా కడగబోతూ అడిగింది. "మా ఇంట్ల వండింది నోటికి పోతలేదా బిడ్డా? ఎట్ల జెయ్యాల్నో చెప్పు, గట్లనే చేస్త." ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

మర్నాడు ఆ మాట పిన్నికి చెప్పాను. ఆ తర్వాతి రోజు ఆవిడ ఉత్త చేతులతో వచ్చి, గోడ నీడలో నన్ను నిలబెట్టారు.

"రేపటినుంచి నేను రానమ్మా."

"ఎందుకు? బాబాయికి మంచిగ లేదా?"

"ఆయన బాగానే ఉన్నారు. నేనిలా రోజూ వస్తుంటే ఆ ఇంట్లో నువ్వు ఎప్పటికీ చుట్టపుచూపు పిల్లవే. ఆవిడ వండింది తిను. ఆవిడతో పోట్లాడు. ఆ ఇల్లు నీదవ్వాలి."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "గీ బడి కోసం గంతగనం కొట్లాడినవు. నువ్వు రాకపోతే ఇగ నాకీ బడెందుకు?"

పిన్ని నా రెండు జడలూ సరిచేశారు, అవి సరిగానే ఉన్నా. "బడి నీకోసం అడిగానే. నేను నిన్ను చూసుకోవడానికి కాదు. అలా అనుకుంటే నేను అడిగింది తప్పయిపోతుంది." అని వెనక్కి తిరిగారు. సందు మలుపు దాకా వెళ్లినా ఒక్కసారీ తిరిగి చూడలేదు. తిరిగి చూసి ఉంటే నేను పరుగెత్తి ఉండేదాన్నని ఆవిడకు తెలుసు.

అన్నమాట ప్రకారం మళ్లీ రాలేదు. ఆ స్టాపులో దిగడం ఎన్నో రోజులు కష్టంగా ఉండేది. మెల్లమెల్లగా అంజమ్మ చేతి పచ్చిపులుసు అలవాటైంది. ఆమెతో పోట్లాడాను కూడా. తొమ్మిదిలో తల్లిదండ్రుల సమావేశానికి ఆమే బస్సులో వచ్చింది. లెక్కల సారు నన్ను మెచ్చుకుంటుంటే కొంగుతో కళ్లొత్తుకుంది. బయటికొచ్చాక, "మీ పిన్ని ఇల్లు యాడ? పోదాం పా" అంది.

ఆ పూట వాళ్లిద్దరూ వంటింట్లో కూర్చుని నా గురించే మాట్లాడుకున్నారు, నేనక్కడ లేనట్టు. పొద్దున్నే లేస్తుందా, తలకు నూనె పెట్టనిస్తుందా, వంకాయ తింటుందా. "మీరు వంకాయ తినిపిస్తున్నారా! నావల్ల కాలేదండి" అని పిన్ని నవ్వారు. ఆ నవ్వులో గర్వం ఎంతో, బెంగ ఎంతో అప్పుడు నాకు తెలియలేదు. వచ్చేటప్పుడు అంజమ్మ, "పండుగలకు పంపిస్తమ్మా, నీకు గూడ బిడ్డనే గద" అంది. పిన్ని తల ఊపి గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు.

పదో తరగతి ఆ బడిలోనే పూర్తిచేశాను. బాబాయి గారు పోయాక పిన్ని తెనాలి దగ్గర తమ్ముడింటికి వెళ్లిపోయారు. ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే, "ఏ బిల్డింగే? నువ్వు బస్సులోంచి చూసేదానివి కదా, ఆ వైపేనా?" అని అడిగారు. ఒకసారి రండి, చూపిస్తానన్నాను. చలి తగ్గాక వస్తానన్నారు. రాలేదు. ఆ చలికాలంలోనే నిద్రలో పోయారు.

పోయిన ఏడాది నా పెళ్లయింది. మల్లేశ్, అంజమ్మ పీటల మీద కూర్చున్నారు. అబ్బాయి వైపు చుట్టాలతో హాలు నిండిపోయింది. ఫోటోలు తీసేవాడు, "అమ్మాయి తరఫు వాళ్లు రండి" అని పిలిచాడు. వాళ్లిద్దరూ వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఇంకెవరున్నారన్నట్టు అతను హాలంతా చూశాడు. అప్పుడు వెనక కుర్చీల్లోంచి పర్వీన్ లేచి, "ఏయ్, లెవ్వండే అందరూ, మనమే" అని కేకేసింది. మా తరగతి వాళ్లంతా చీరలు సర్దుకుంటూ, లెక్కల సారును ముందు నడిపించుకుంటూ వచ్చేశారు. వేదిక చాలలేదు. నన్ను రెండు జడలతో చూసినవాళ్లు, నా చిన్నతనం గురించి ఏదడిగినా చెప్పగలిగినవాళ్లు.

ఆ ఫోటోలో అందరూ కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. నేనొక్కదాన్నే హాలు గుమ్మం వైపు చూస్తున్నాను. ఇంకోటి బాగా వచ్చింది, అది ఫ్రేము కట్టిద్దామని మా ఆయన అన్నాడు. వద్దు, ఇదే ఉండనీ అన్నాను.