పతంగుల రోజుల్లో ఆపిన గాలిమర

మాదన్నపేటలో మా కాంపౌండ్ మధ్యనున్న పాత బావి మీద ఒక గాలిమర ఉంది. నాలుగు ఇనుప కాళ్లు, వాటి మీద పెద్ద రేకుల చక్రం, వెనక చేపతోక లాంటి తోక. గాలికి చక్రం తిరిగితే బావిలో పంపు ఆడి తొట్టిలో నీళ్లు పడేవి. అందరూ దాన్ని పంకా అనేవారు. దాని ఆలనాపాలనా మా తాతది.

తాత పోయాక ఆరేళ్లు అది తిరగలేదు. బోరు ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఏడు వానలకు ముందు కమిటీ వాళ్లు తీర్మానం చేశారు: పంకా జామైంది, గాలివానకు ఎవరి నెత్తినైనా పడుతుంది, కోయించేద్దాం.

అది జామ్ కాలేదని నాకు తెలుసు. పతంగుల రోజులు రాగానే తాత దాన్ని ఆపేసేవాడు. తెగిన పతంగి మాంజా దారం చక్రానికి చుట్టుకుంటే దానికోసం పిల్లలు పైకెక్కుతారని ఆయన భయం. కింద ఉన్న మీట లాగితే తోక చక్రం పక్కకు మడుచుకుంటుంది, చక్రం గాలికి పక్కకు తిరిగి ఆగిపోతుంది. ఆ మీటను బైండింగ్ వైరుతో ఇనుప కాలికి కట్టేసి, పతంగులు అయిపోయాక విప్పేవాడు. చివరి ఏడు కట్టాడు, విప్పకముందే పోయాడు. ఇదంతా నా డైరీలో రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. అందుకని కోయడానికి ముందు రోజే యాకుత్‌పురాలో ఉండే తాత దోస్తుకు ఫోన్ చేశాను. ఆయన బోరింగులు బాగుచేసే ముసలి మిస్త్రీ, మాకందరికీ చాచా. ఆదివారం పొద్దున గ్యాస్ కట్టర్‌తో కోసే మనిషి వచ్చేశాడు, చాచా ఇంకా రాలేదు. వెళ్లి గాలిమర కాలి దగ్గర నిలబడ్డాను.

"ఆగు భాయ్. ఇది ఖరాబ్ కాలే. మా తాత కట్టేసి పెట్టిండు."

కమిటీ పెద్దాయన నవ్వాడు. "ఆరేండ్ల సంది నోరు తెరవలే, ఇయ్యాల యాదికొచ్చిందా బిడ్డా?"

"ఇయ్యాలనే కదా అంకుల్ మీరు కోస్తున్నది."

కట్టర్ భాయ్ గ్యాస్ గొట్టం కింద పెట్టేశాడు. "బిటియా చెప్పేది వినుండ్రి సాబ్. కోసినంక మల్ల అతుకనీకి రాదు."

సాయంత్రం దాకా గడువు దొరికింది. చాచా వచ్చి సుత్తితో నాలుగు కాళ్లూ కొట్టి చూశాడు. "మస్తు గట్టిగున్నయ్. రెండు బోల్టులు మార్చాలె, గంతే." మార్చాడు. పైకెక్కి పాత నూనె తీసి కొత్తది పోశాడు. తుప్పు పట్టిన వైరును నేనే పటకారుతో తెంపాను. మీట వదలగానే తోక విచ్చుకుంది, చక్రం పడమటికి మళ్లి కిర్రుమంటూ తిరిగింది.

నీళ్లు మాత్రం రాలేదు.

"తిరిగితే ఏమాయె? నీళ్లేవి?" అన్నాడు పెద్దాయన.

"లోపల తోలు వాషర్ ఎండింది సాబ్," అన్నాడు చాచా. "ఆరేండ్లు చుక్క నీళ్లు తాగకుంటే మీరు లేచి పని చేస్తరా?"

అందరూ నవ్వారు, పెద్దాయన కూడా. చక్రం ఆపి, పంపులో రెండు బకెట్ల నీళ్లు పోసి తోలు నాననిచ్చాం. మధ్యాహ్నం దాటాక మళ్లీ మీట వదిలాం. ముందు పంపు గొట్టం గురగురమంది. తర్వాత ఎర్రటి తుప్పునీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు తొట్టిలో పడ్డాయి.

పెద్దాయన దోసిలి పట్టి చూశాడు. "సరే, కొయ్యం. మరి దీన్ని ఎవలు చూసుకుంటరు? మల్ల ఇట్లనే ఇడిచిపెడితే?"

"నేను చూసుకుంట," అన్నాను. నా గొంతు అవతలి వరండాదాకా వినిపించింది.

కట్టర్ భాయ్ తన గ్యాస్ గొట్టం చుట్టుకుంటున్నాడు. చాచా నూనె డబ్బా నా చేతిలో పెట్టాడు. "అయితే మీట లాగి ఆపు. పైన నూనె యాడ పొయ్యాల్నో చూపిస్త, ఎక్కు."

చక్రం ఆపాను. చున్నీ నడుముకు బిగించి, చెప్పులు విప్పి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.